చల్లార్చి చూశావా?

ప్రొఫెసరమ్మకు ఒకటే జబ్బు: వేడి చేసినదాన్ని చల్లార్చి చూడందే నమ్మదు. చాటుగా అందరూ ఆవిణ్ణి చల్లారమ్మ అనేవారు. ఆవిడ మాత్రం ఏనాడూ చల్లారిన పాపాన పోలేదు.

ఆవిడ దగ్గర చేరిన విద్యార్థిని నాలుగేళ్లుగా ఒక ప్రొటీన్‌తో కాపురం చేస్తోంది. కోట్ల ఏళ్ల కిందటి జీవుల్లో అదెలా ఉండేదో లెక్కగట్టి, ప్రయోగశాలలో తయారుచేసింది. ప్రొటీన్ దారంలాంటిది. ముడుచుకుని సరైన రూపానికి వస్తేనే పనిచేస్తుంది, వేడెక్కితే విడిపోతుంది. ఈ పాతకాలపుది ఇప్పటివాటికన్నా ఎక్కువ వేడిని తట్టుకుందని గ్రాఫ్ ముచ్చటగా వచ్చింది. నెలాఖరుకు ఫెలోషిప్ ఆఖరు. ఈలోగా ప్రొఫెసరమ్మ సంతకం పడితేనే డాక్టరేట్.

"చల్లార్చి చూశావా?"

"గ్రాఫ్ బాగుంది కదా మేడం!"

"బాగుంటే ఫ్రేము కట్టించుకో. చల్లారాక మళ్ళీ ముడుచుకుందా, లేదా?"

ముడుచుకోలేదు. విరిగిన పాలలా గడ్డకట్టింది. మళ్ళీ మొదటి రూపానికి రాకపోతే ఆ కొలత చెల్లదు. నాలుగేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరైంది.

అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. "నా కొంప ముంచడానికే పుట్టింది ఈవిడ!" అంది పక్క బల్ల దగ్గరి స్నేహితురాలితో.

"నీకే కాదులే. వాళ్ళాయన గొడవపడి సారీ చెబితే, 'రేపు చల్లారాక చెప్పండి, అప్పుడు నమ్ముతా' అందట."

అమ్మాయికి నవ్వు రాలేదు. గైడును మార్చమని అడగడానికి విసవిసా డైరెక్టరు గదికి వెళ్లింది. తలుపు ఓరగా ఉంది. లోపల ప్రొఫెసరమ్మ గొంతు ఖంగుమంటోంది.

"ఫెలోషిప్ ఆర్నెల్లు పొడిగించమంటే నీళ్ళు నములుతారేంటండీ?"

"నిబంధనలు ఒప్పుకోవమ్మా."

"తప్పు అంకె అచ్చేసుకుని నా పిల్ల రేపు పదిమందిలో తల దించుకోవాలా? ద్రావణంలో ఉప్పు మార్చి, మెల్లగా వేడిచేస్తే ఆ ప్రొటీన్ మళ్ళీ ముడుచుకుని తీరుతుంది. దానికి టైం కావాలి. కొలిచే మిషన్ మీద నా వంతు కూడా ఆ పిల్లకే ఇచ్చేశాను. నా పని అటకెక్కితే ఎక్కనీండి. ముందు మీరు సంతకం పెట్టండి!"

కాసేపటికి ప్రొఫెసరమ్మ సంతకం పడిన కాగితం ఊపుకుంటూ బయటికొచ్చింది.

"నువ్వేంటి ఇక్కడ?"

"మీ మీద... ఫిర్యాదు చేద్దామని."

"చెయ్యి, లోపలే ఉన్నారు. త్వరగా కానిచ్చి రా, అక్కడ మిషన్ ఖాళీగా ఉంది."

చెప్పులు టకటకలాడించుకుంటూ వెళ్లిపోయింది. ఈ సంగతి ముందే చెబితే ఆవిడ సొమ్మేం పోయింది? అమ్మాయికి అంతవరకూ లేనంత కోపం వచ్చింది. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి, వాటి మీదా కోపం వచ్చింది.

"నువ్వూ అరవడానికే వచ్చావా?" లోపలినుంచి డైరెక్టరు గర్జించాడు.

"లేదు సార్," అంది అమ్మాయి. "తలుపు వేసి పోదామని."