సున్నపు డబ్బీలో సముద్రం

1964 వేసవి. అప్పుడు నేను రాజపాళయం దగ్గర ఒక సున్నపురాయి క్వారీ లాబొరేటరీలో కెమిస్టుని. రాయిలో సున్నం పాలెంత, మట్టి పాలెంత అని తేల్చడం నా పని. అమ్మేవాడు రాయి బంగారమంటాడు, కొనేవాడు మట్టంటాడు. ఇద్దరినీ నమ్మకుండా ఉండడానికే నాకు జీతం. ఆ బుద్ధి ఇంటికొచ్చినా వదలడం లేదని నా భార్య సణిగేది.

ఒకరోజు మా చిన్నమ్మ కొడుకు సుందరం లాబుకు వచ్చాడు. మద్రాసులో భూగర్భశాస్త్రంలో డాక్టరేటు చేస్తున్నాడు. సముద్రం అడుగున గొట్టం దించి తీసిన బురద పొరల్లో ఫొరామినిఫెరా అనే ప్రాణుల గుల్లలుంటాయట, ఇసుక రేణువులంత. ఆక్సిజన్‌లో తేలికది, బరువుది అని ముఖ్యంగా రెండు రకాలు, వాటినే ఐసోటోపులంటారు. నీళ్ళు చల్లబడే కొద్దీ గుల్లలో బరువుది కాస్త ఎక్కువ చేరుతుంది. మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం ఆ తేడాను కొలుస్తుంది. ఎప్పుడో చచ్చిన ప్రాణి అప్పటి సముద్రం ఎంత వెచ్చనో చెబుతుందంటే నేను నోరు తెరుచుకుని విన్నాను.

"అన్నా, పైనా కిందా పొరలన్నీ చల్లగా ఉండాయి. నడుమ ఒక పొర మాత్రం వేడి. ఎవురూ చూడనిది నేను చూసినాను. దానిమీదే థీసిస్ రాయమని మా సారు చెప్పినారు" అన్నాడు. వాడి ముఖం వెలిగిపోతోంది.

"వేడంటే ఎంతరా?"

"ఒంటికి పోసుకునే వేణ్ణీళ్ళంత."

"అందులో ఆ ప్రాణి బతికిందా, ఉడికిందా?"

"నువ్వు సుమ్మా ఊరికే ఎగతాళి చేస్తావన్నా."

పరీక్షకు పంపగా మిగిలిన గుల్లలు చూపించమన్నాను. జేబులోంచి చిన్న ఇత్తడి డబ్బీ తీసి ఇచ్చాడు. కొన్నింటిని మైక్రోస్కోపు కింద పెట్టాను. బుడగలు అతికించినట్టు గదులు, గోడల నిండా సన్నని రంధ్రాలు. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. అయితే వాటి మధ్య ఏవో తెల్లటి తునకలున్నాయి. విరిగిన గుల్లలన్నాడు. విరిగినా రంధ్రాలుండాలి కదా. వీటికి లేవు.

"ఈ డబ్బీ ఏడదిరా?"

"అమ్మ ఇచ్చినాది. పోయినసారి ఊరికి వచ్చేటప్పుడు బస్సులో ఆ పొర సీసా ఒకటే పగిలిపోయినాది. అమ్మ దీన్ని చింతపండేసి తోమి ఇచ్చినాది. పరీక్షకు పంపినవీ దీంట్లోవే."

"చిన్నమ్మ ఆకువక్క సున్నం డబ్బీ కదరా ఇది!"

మూత కీలు సందులో సూదితో గీకితే ఎండిన సున్నం రాలింది. మైక్రోస్కోపు కింద అవే తునకలు. కాల్చిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మళ్ళీ రాయవుతుంది. అప్పుడు అందులో తేలిక ఆక్సిజన్ ఎక్కువ చేరుతుందని తర్వాత చదివి తెలుసుకున్నాను. యంత్రానికి అది వేడి సముద్రంలాగే కనిపిస్తుంది.

సుందరం స్టూలు మీద కూలబడ్డాడు. "అన్నా, ఆ పొర తీసేస్తే నా థీసిస్‌లో ఏముంది? మనం చెప్పకుంటే అది మళ్ళా ఎవురు కొలుస్తారు?" అన్నాడు. తిట్టాలనిపించింది, జాలీ వేసింది. వాళ్ళింటిదాకా తోడు వెళ్ళాను.

చిన్నమ్మ గుమ్మంలోనే అడిగింది. "ఏంరా, మొగం అట్లుంది? నా డబ్బీతో ఏమన్నా చెడినాదా?"

వాడు నా వైపు చూశాడు. తర్వాత తల్లి వైపు తిరిగాడు.

"లేదమ్మా. డబ్బీ మంచిదే. నేనే చూడకుండా పోసినాను. సారుకు చెప్పేదానికి మద్రాసు పోతుండాను" అన్నాడు.

చెప్పాడు కూడా. సారు చాలా కోప్పడ్డారట. మిగిలిన బురదలోంచి కొత్తగా గుల్లలు ఏరి పంపితే, ఆ పొర కూడా మిగతావాటిలాగే చల్లగా ఉందని తేలింది. డాక్టరేటు చాలా ఆలస్యంగా, ఒక మామూలు థీసిస్‌తో వచ్చింది.

జవాబు మనకు నచ్చినప్పుడే దాన్ని మరోసారి పరీక్షించాలని ఆ కేసు నాకు నేర్పింది. ఈ మాట లాబులో చేరిన ప్రతివాడికీ చెప్పాను, అందరూ తలూపారు. కానీ తనకు అంత నచ్చిన జవాబును తన నోటితోనే తప్పని చెప్పుకున్నవాణ్ణి నా సర్వీసు మొత్తంలో ఒక్కణ్ణే చూశాను. వాడు నా తమ్ముడు.