తులసమ్మ తాగిన మామిడి మందు

మా కడప దిక్కున మంచు గడ్డకట్టదు గానీ, ఈసారి చలికి మామిడి పూత రాలుతోంది. అది నిలవాలని తమ్ముడు హార్మోన్ మందు తెచ్చాడు. కొత్తదేదైనా దేవుడి ముందు పెట్టి వాడడం మా ఇంటి అలవాటు. సగం మందు చెంబు నీళ్లలో కలిపి దేవుడి గూట్లో పెట్టాడు. ఆ సంగతి తెలియక నేను పూజ ముగించి, రోజూలాగే చెంబెత్తి తులసికి పోశాను.

“అక్కా, చెంబులో మందు యాడ?”

“మందా? తులసమ్మకు పోస్తిని కదప్పా!”

“అయ్యో! మిగిలింది సగం తోటకే వస్తాదే!”

ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నవ్వాపుకోలేక నేను అరుగు మీద కూలబడ్డాను. వాడూ కళ్లు తుడుచుకుంటూ, “మందు లేని సగం తోటను నీ పూజే కాపాడల్ల” అని మిగిలిన మందు తీసుకుని తోటకు పోయాడు.

సాయంత్రం ఇంకో దీపం పెట్టాను. మందు కొట్టిన సగమా, నేను మొక్కిన సగమా, ఏది ఎక్కువ కాస్తుందో మీరే చెప్పండి. తులసమ్మకైతే ఇక చలి భయం లేదు.