గట్టు మీది తాడిచెట్లు

తాడిచెట్లు కొట్టే సిలార్ ఎవర్నీ నమ్మడు. చెట్టు తలకు కట్టిన మోకు కింది కొసను సొంత బావమరిదే పక్కనున్న వేపచెట్టుకు బిగించినా, ఆ ముడి విప్పి మళ్ళీ తనే వేసుకుంటాడు. మార్టూరు చుట్టుపక్కల ఊళ్ళలో అతన్ని 'అనుమానాల సిలార్' అంటారు. నవ్వేవాళ్ళకేం, నవ్వుతారు. వెనకటికి ఒకడు తన చెట్లేనని చూపిస్తే నమ్మి కొట్టాడు. అవి వేరేవాళ్ళవి. చూపించినవాడు మెల్లగా జారుకున్నాడు. చేతిలో గొడ్డలి ఉన్నవాణ్ణి జనం కరెంటు స్తంభానికి కట్టేశారు. అప్పట్నుంచీ గట్టు మీది చెట్టయితే రెండు చేలవాళ్ళూ ఎదుట నిలబడందే మొదటి గాటు పెట్టడు.

ఈ వేసవిలో, మిరపకోతలయ్యాక, శ్రీమన్నారాయణ కబురు పెట్టాడు. అతని పత్తి చేనుకూ మల్లేశ్వరి మిరప చేనుకూ మధ్య గట్టు మీద మూడు తాడిచెట్లున్నాయి. అక్కడ హద్దురాళ్ళు లేవు. తాతల నాటి నుంచీ ఆ చెట్లే హద్దు.

"కొట్టాక వేళ్ళతో సహా లేపేద్దాంరా. జేసీబీ మాట్లాడాను" అన్నాడు శ్రీమన్నారాయణ.

సిలార్‌కు అక్కడే ముల్లు గుచ్చుకుంది. నీడ పడుతుందని కొట్టించేవాళ్ళు మొద్దు వదిలేస్తారు. వేళ్ళతో ఇతనికేం పని?

"మల్లేశ్వరమ్మగారు రావాలండి."

"ఫోన్లో ఒప్పుకుందిరా!"

"ఎదురుగా ఒప్పుకోవాలండి."

"ఓహో! తాడిచెట్టు కొట్టడానికి కలెక్టరుగార్ని కూడా పిలిపించమంటావా?"

సిలార్ గొడ్డలి భుజాన వేసుకుని కల్లం దగ్గరికి నడిచాడు. మల్లేశ్వరి ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఎండిన మిరపలో తాలుకాయలు ఏరి పారేస్తోంది. భర్త పోయాక ఆ ఎకరమే ఆమెకు ఆధారం.

"చెట్లు కొట్టమన్నారంటమ్మా?"

"అన్నాను. నీడకి నా మొక్క ఎదగట్లా."

"వేళ్ళు కూడా తీసేస్తారంట. గట్టు చెదిరితే హద్దు పోద్దమ్మా. ముందు రాళ్ళు పాతించుకోండి."

ఆమె చేయి ఆగింది. తాలుకాయను చూసినట్టే అతన్నీ చూసింది.

"నిన్నెవరు పంపారు?"

"ఎవరూ పంపలేదమ్మా."

"వచ్చిన పని మానుకుని నా మంచి చూడ్డానికొచ్చావా? ఇరుగూ పొరుగూ తన్నుకుంటే నీకేం ఒరుగుద్దయ్యా? మా ఆయన పోతే పాడె మోసింది ఆ నారాయణే. నువ్వేం మోశావు?"

సిలార్ గొడ్డలి మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. తిరిగొస్తుంటే దూరం నుంచే మిషన్ రంపం రొద వినిపించింది. అతను గట్టు చేరేసరికి ఎవరో కొత్తవాళ్ళు రెండు చెట్లు పడేశారు. మూడోది ఊగుతోంది. పొద్దు వాలకముందే జేసీబీ మొదళ్ళు పెకలించి, గోతులు పూడ్చి, గట్టును చదును చేసేసింది.

తొలి వాన పడగానే శ్రీమన్నారాయణ దున్నించాడు. అరక మల్లేశ్వరి వైపుకి ఎంతో కొంత జరిగింది. ఎంతన్నదే ఎవరికీ తెలియదు. ఆమె సిలార్ ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

"ఆ చెట్లెక్కడుండేవో నువ్వు చూశావుగా. వచ్చి చూపించయ్యా!"

వెళ్ళాడు. ఎటు చూసినా ఒకటే నల్లరేగడి. ఒకచోట నిలబడి "ఇక్కడేనమ్మా" అన్నాడు. మళ్ళీ కాస్త అవతలికి జరిగాడు. శ్రీమన్నారాయణ తీరిగ్గా వచ్చి, ఎంతో మర్యాదగా అన్నాడు.

"నువ్వెక్కడ నిలబడితే అక్కడే హద్దు సిలారూ. నీ మాటే నా మాట."

ఆ మర్యాద వినగానే సిలార్ అడుగు గాల్లోనే ఆగింది. ఇతనికి ఏది కావాలో అదే తను చెప్పబోతున్నాడా? మొదట నిలబడ్డ చోటే నిజమా, ఇప్పటిదా? తన కళ్ళనే తను నమ్మలేకపోయాడు.

"గుర్తు రావట్లేదమ్మా."

మల్లేశ్వరి శ్రీమన్నారాయణ వైపోసారి చూసి, సిలార్ వైపు తిరిగింది.

"ఆ రోజు నన్ను మాటల్లో పెట్టమని కల్లం దగ్గరికి నిన్ను పంపింది కూడా ఇతనే కదూ?"