ఆగిన చోట వంత

కిందటేడు నవంబరులో, ఒక మంగళవారం, జనక్‌పురి మెట్రోలో నా పక్కన యూరప్‌లోని స్లొవేనియా నుంచి వచ్చిన అమ్మాయి కూర్చుంది. తమ పల్లెల్లో ఆడవాళ్లు వలయంగా తిరుగుతూ పాడే పాటలు సేకరిస్తుందట.

"దీనికి వంత తెలిసినవాళ్లంతా పోయారు ఆంటీ," అని వచ్చీరాని హిందీలో చెప్పి, ఫోనులో ఒక పాట వినిపించింది.

ముసలి గొంతు ఒక చరణం పాడి ఆగింది. బతుకమ్మ ఆటలో ఎప్పుడూ వంత పాడినదాన్ని, ఆగిన చోట నా నోరు ఊరుకోలేదు. నాకే అర్థం కాని మాటలేవో పాడేశాను.

ఆమె ముఖం పాలిపోయింది. "అది మా భాష! ఫిర్ సే, ఆంటీ, మళ్లీ పాడండి, ప్లీజ్!"

దిగేదాకా పాటను మళ్లీ మళ్లీ వినిపించింది. యాభై ఏళ్లనాటి తేదీలు కూడా మరవని నాకు ఒక్క మాటా తిరిగి రాలేదు.

ఇప్పటికీ ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆ గొంతు పాడుతుంది. ఆగుతుంది. నా కోసం కాచుకుని ఉంటుంది.