అతుకుల బాబాయి పూడ్చిన కన్నాలు

కారే బక్కెట్టు కనబడితే అతుకుల బాబాయి చేతులు ఊరుకోవు. అది ఎవరిదన్నది ఆయనకు అనవసరం. ఒకసారి ఎవరినో పలకరించడానికి వెళ్ళి, వాళ్ళ కుళాయి కారుతోందని మాటలు మధ్యలో ఆపేసి, వాషరు మార్చి ఇంటికొచ్చిన ఘనుడు. వీధి చివర ఆయనకు చిన్న షాపు ఉంది. బక్కెట్లు, స్టవ్వులు, తాళాలు, గొడుగులు, ఏది ఇచ్చినా బాగుచేసి పంపుతాడు. అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు.

ఆయన భార్య తోట పిన్ని. వాళ్ళ ఇంటికి పెరడు లేదు, ఉన్నదల్లా మేడమీద జాగా. చలి వణికించని, ఎండ మాడ్చని ఊరు కావడంతో అక్కడ ఏడాది పొడుగునా ఏదో ఒకటి కాస్తూనే ఉండేది. పాత రంగు డబ్బాల్లో వంగ, టమాటా, అంచులు విరిగిన టబ్బుల్లో బెండ, గోడవారన పందిరి మీద బీర, సగానికి కోసిన డ్రమ్ములో నిమ్మచెట్టు. ఆ తోటలో బాబాయి పని ఒక్కటే, కాసినవి తినడం. విప్పి లోపల ఏముందో చూడడానికి వీల్లేని వస్తువంటే ఆయనకు నమ్మకం తక్కువ.

పిన్ని స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషనయ్యి మత్తు వదలగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "మొక్కలకి నీళ్ళు పోశారా?"

"పోస్తాలే, నువ్వు పడుకో."

అన్నమాట ప్రకారం పోశాడు. పోసిన నీళ్ళు డబ్బాల అడుగునుంచి కారిపోతుంటే ప్రాణం ఉసూరుమంది. ఒరగదీసి చూస్తే ప్రతిదానికీ కన్నాలే. పాపం, పాత సామాను కదా, తుప్పు తినేసిందనుకున్నాడు. ఎక్కువైన నీళ్ళు పోవడానికి పిన్నే కూర్చుని మేకుతో కొట్టిన కన్నాలవి. ఆ సంగతి ఆయనకెవరు చెప్పాలి? సెలవు రోజంతా ఎండలో కూర్చుని, కలిపితే రాయిలా బిగిసే లప్పంతో ఒక్కొక్క కన్నమూ శ్రద్ధగా పూడ్చాడు. నిమ్మచెట్టు డ్రమ్ము కదపలేక దాన్నొక్కదాన్నీ వదిలేశాడు. ఆ తర్వాత రెండు పూటలా ధారాళంగా పోశాడు. ఆకులు వాలిపోతే, దాహమేమోనని ఇంకో బక్కెట్టు పోశాడు. పిన్ని ఇంటికొచ్చేసరికి వేళ్ళు కుళ్ళి, నిమ్మచెట్టు తప్ప తోట మొత్తం పోయింది.

ఎందుకు పోయిందో బాబాయికి అంతుపట్టలేదు. పిన్నికి చెబుదామంటే ఆవిడ ఉన్న స్థితి వేరు. కసరత్తులు చేయించే అమ్మాయి వాకరు తెచ్చి మంచం పక్కన పెట్టి బతిమాలేది. "నా నడక అయిపోయిందమ్మా, నన్నొదిలేయ్," అని పిన్ని గోడవైపు తిరిగేది. నోరు తెరిస్తే నాలుగిళ్ళకు వినబడే మనిషి అలా గొణుగుతుంటే బాబాయికి భయం వేసింది.

అలాంటి ఒక సాయంత్రం ఆవిడ మెల్లగా అడిగింది. "బీర పిందె వేసిందా?"

బాబాయికి నిజం గొంతు దాటలేదు. "వేసింది. తీగలు గోడ దాటాయి," అన్నాడు.

అబద్ధం ఆడినవాడికి రుజువులు కూడా కావాలి. మర్నాడు కూరగాయల బండి దగ్గర నిలబడి వంకర బీరకాయలు, పొట్టి వంకాయలు, పుచ్చు బెండకాయలు ఏరడం మొదలుపెట్టాడు.

"అందరూ మంచివి ఏరుకుంటే మీరేంటి బాబాయిగారూ, పారేసేవి ఏరుతున్నారు?" అంది బండి ఆమె.

"మా ఇంట్లో ఇవే ఇష్టం."

మన మేడమీదవేనంటూ ఆయన చేతిలో పెట్టిన బెండకాయల్ని పిన్ని వెలుతురులో పట్టుకుని చూసి మొహం చిట్లించింది. "పురుగు పట్టింది. కనబడడంలా? మీ చేతిలో పెడితే ఇంతే. నేను చూడాలి." అంటూనే వాకరు కోసం చెయ్యి చాపింది. ఆ రోజు గుమ్మం దాకా వెళ్ళింది. ఆ వారంలోనే వంటింటి దాకా, ఆపైన వీధి అరుగు దాకా. కసరత్తుల అమ్మాయి మురిసిపోయి, చేతికర్ర ఇచ్చి మేడమెట్లు మొదలుపెట్టించింది.

అప్పటినుంచి బాబాయి పరిస్థితి ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆవిడ ఒక మెట్టెక్కితే సంతోషం, ఆ వెంటనే గుండెల్లో దడ. పైకెళ్ళి బోసి డబ్బాలు చూసిందంటే మళ్ళీ మంచమెక్కి గోడవైపు తిరుగుతుంది. ఈసారి ఆ మనిషిని లేపడం ఎవరివల్లా కాదు. నర్సరీ నుంచి నారు తెచ్చి రహస్యంగా నాటాడు. అదీ కుళ్ళింది. ఇంకోసారి తెచ్చాడు. అంతే సంగతులు. కన్నాల్లేని డబ్బాలో ఆ నారు మాత్రం ఏం చేస్తుంది?

"తొందరేముందే, నిదానంగా ఎక్కుదువుగాని," అనేవాడు రోజూ.

"మీరే ఆవిణ్ణి నీరుగారిస్తే ఎలా బాబాయిగారూ?" అని ఆ అమ్మాయి కసిరింది. బాబాయి షాపుకు వేళయిందంటూ చెప్పులేసుకున్నాడు.

ఒక మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. మేడమీద మాటలు వినిపించాయి. బాబాయి మెట్లు రెండేసి చొప్పున దూకుతూ పైకెళ్ళాడు.

పిన్ని బోర్లించిన టబ్బు మీద కూర్చుని ఉంది. పక్కన కసరత్తుల అమ్మాయి బిక్కమొహం వేసుకుని నిలబడింది. ఎదురుగా ఎండిన పందిరి, మట్టి తప్ప ఏమీ లేని డబ్బాలు.

"బీర తీగలు గోడ దాటాయన్నారు?"

బాబాయి తల వంచుకున్నాడు. "నువ్వు ఆసుపత్రిలో ఉండగానే పోయాయే."

"మరి ఆ బెండకాయలు?"

"బండి మీద కొన్నాను."

"డబ్బులిచ్చి పుచ్చులు కొన్నారా!" పిన్ని గొంతు లేచింది. "ఇన్నాళ్ళూ నన్ను పిచ్చిదాన్ని చేశారన్నమాట!"

"తెలిస్తే నువ్వు మళ్ళీ లేవవేమోనని. నువ్వట్లా గోడవైపు తిరిగి పడుకుంటే నాకు చేతులాడలేదే," అన్నాడు బాబాయి.

పిన్ని చేతికర్ర మొనతో దగ్గర్లో ఉన్న డబ్బాను పడదోసింది. బురద జారింది. అడుగున తెల్లగా, నున్నగా, గుండ్రంగా లప్పం కనిపించింది. ఆవిడ వంగి దాన్ని వేలితో తడిమింది.

"ఇదేంటి?"

"కారుతుంటే పూడ్చాను."

"అన్నీనా?"

"నిమ్మచెట్టుది కదల్లేదు," అన్నాడు బాబాయి దోషిలా.

పిన్ని నిమ్మచెట్టును చూసింది. మొగుణ్ణి చూసింది. ఆ తర్వాత తుంటి పట్టుకుని, నొప్పి పుట్టేదాకా నవ్వింది. నవ్వు ఆగాక తిట్టడం మొదలుపెట్టింది. నీళ్ళు పోయే దారి మూసేసి పైనుంచి నీళ్ళు పోసే తెలివితేటలు ఎవరికైనా ఉంటాయా అంది. ఇంత నున్నగా పూడ్చడానికి ఎంతసేపు పట్టిందో చెప్పమంది. ఎదురింటివాళ్ళు కిటికీ తీసి చూశారు. బాబాయి కిందికి పరిగెత్తి డ్రిల్లు తెచ్చుకుని, నేల మీద కూర్చుని, తను పూడ్చిన కన్నాలు తనే పొడవడం మొదలుపెట్టాడు.

"రేపు విత్తనాలు పెడతాను. మీరు చెయ్యి పెట్టడానికి వీల్లేదు. నీళ్ళు కూడా నేనే పోస్తాను, పొద్దున్నే వచ్చి," అంది పిన్ని.

"రోజూ ఇన్ని మెట్లు ఎక్కుతారా పిన్నిగారూ?" అంది ఆ అమ్మాయి.

"ఎక్కక? ఈయన్ని నమ్మి మొక్కల్ని వదిలేయమంటావా?"

బాబాయి డ్రిల్లు ఆపి తలెత్తాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"వద్దు, నమ్మకు," అన్నాడు. "ఎప్పటికీ నమ్మకు."