అత్త నాకు వదలని మాట

మా మేనత్త పోయిందని ఫోను వచ్చేసరికి నేను పబేడాన్ బజార్లో ఒక బట్టల కొట్లో ఎర్రంచు చీర కోసం బేరమాడుతున్నాను. క్రిస్మస్‌కి మా చర్చి హాల్లో ఆడే నాటకంలో నేను కట్టుకోవాల్సిన చీర. అలాంటిది అత్త దగ్గరే ఉంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె ఆ వేషానికి అదే కట్టింది. అడిగితే ఇవ్వనంది. ఫోను చేసింది నది అవతల తన్లిన్‌లో ఉండే అత్త కూతురు. "వదినా, అమ్మ నేదు. పొద్దున్న టీ పట్టుకెల్తే లెగనేదు" అంది. నాకు ముందు కోపం వచ్చింది, క్రిస్మస్ దాకా ఆగలేకపోయిందా అని. చీర బల్ల మీదే వదిలేసి బస్సెక్కాను. నది మీద వంతెన దాటుతుంటే ఏడుపొచ్చింది.

యాంగోన్‌లో, అదే మనవాళ్ల రంగూన్‌లో, తెలుగువాళ్లెవరికీ మా అత్తని పరిచయం చెయ్యక్కర్లేదు. తక్కినవాళ్ల కోసం చెబుతున్నాను. మా ముత్తాతలు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఇక్కడి రేవుకి కూలికి వచ్చినవాళ్లు. ఆ రోజుల గురించి మా చర్చి పెద్ద ఒకాయన ఒక నాటకం రాశాడు. రేవు పనికని వచ్చి, ఏళ్లు గడిచినా ఏ కబురూ పెట్టని మొగుణ్ణి వెతుక్కుంటూ ఒకావిడ ఓడెక్కి వస్తుంది. ఊరంతా తిరగ్గా తిరగ్గా చివరికి దొరుకుతాడు. అప్పటికి అతనికి ఇక్కడ ఒక బర్మా భార్య, పిల్లలు. "ఎందుకొచ్చినావు?" అంటాడు. ఆవిడ చాలాసేపు ఏమీ అనదు. చంకలో మూట ఈ పక్క నుంచి ఆ పక్కకి మార్చుకుంటుంది. అప్పుడు అంటుంది: "నిన్ను తీసుకెల్దామని రానేదు. ఓపాలి సూసిపోదామని వచ్చినాను." అక్కడితో తెర పడుతుంది.

ఆ ఆడమనిషి వేషం మా అత్తది. పెళ్లి కాకముందు మొదలుపెట్టింది. మనవలకి పెళ్లీడు వచ్చాక కూడా ఆ వేషం ఆమెదే. ఆ చివరి మాట ముందు అత్త ఎంతసేపు ఆగేదంటే, వెనక బల్లల మీదవాళ్లు దగ్గడం మొదలుపెట్టేవారు. తర్వాత ఆ దగ్గూ ఆగిపోయేది. పిల్లల్ని జోకొడుతున్న తల్లులు చెయ్యి అలాగే ఉంచేసేవారు. అప్పుడు అనేది. గొంతు పెంచేది కాదు, పక్కింటికెళ్లి నిప్పు అడిగినట్టు అనేది.

నేను ప్రాంప్టర్‌ని. తెర పక్కన నిలబడి, మరిచిపోయినవాళ్లకి మాట అందించే పని. బడి చదువు అవగానే అత్తే నన్ను ఆ పనిలో పెట్టింది. "తరవాత వేసం నీదేనే గుంటా" అంది. ఆ 'తరవాత' రావడానికి నా జుట్టు నెరిసింది. నాటకమంతా నాకు కంఠతా వచ్చు. అత్తకి మాత్రం నా అవసరం పడలేదు. చివరి ఏళ్లలో మరుపు వచ్చినప్పుడు మాట అందిస్తే, నా వైపు కొరకొరా చూసి, సొంతంగా ఏదో కల్పించి అనేసేది. మొగుడి వేషం వేసే అబ్బాయి తెలుగు చదవలేక, బర్మా అక్షరాల్లో రాసుకుని బట్టీపట్టినవాడు. తన మాట ఎక్కడ తగిలించాలో తెలియక గుడ్లప్పగించి నిలబడేవాడు. ఆటయ్యాక చివాట్లు నాకు.

అయినా నేర్పించింది, కాదనను. నేను ఇంట్లో ఆ వేషం వేసి చూపిస్తే మంచం మీంచే అనేది: "ఏడుపంతా నువ్వే ఏడిసీస్తే ఆళ్లకేటి మిగుల్తాది?" ఇంకోసారి, "మాట ఎక్కడికి పారిపోద్దే? ఆగు. నువ్వాగితే ఆళ్లు ఇంటారు" అంది. ఆగడం ఒక్కటీ నాకు చాతకావడం లేదని ఆమె ఫిర్యాదు. తన్లిన్ నుంచి బస్సులో వస్తూ దారి పొడుగునా నాటకంలో మొగుడితో పోట్లాడే మాటలన్నీ పైకే అనేది. పూర్వం జనం పిచ్చిదనుకుని జరిగి కూర్చునేవారు. ఫోన్లు వచ్చాక, ఎవరితోనో మాట్లాడుతోందనుకుని తిరిగి చూడడం మానేశారు. "ఇప్పుడెవలూ సూడ్నేదే" అని దానికీ బాధపడింది.

సినిమాల సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పొద్దున్నే వీధుల్లో ఉడకబెట్టిన బఠాణీలు అమ్మే ఇండియా ముసలమ్మ కావాలంటే బర్మా సినిమావాళ్లు అత్తని పిలిచేవారు. ఆమె ఇక్కడ పుట్టింది, ఇక్కడి బడిలో చదివింది. ఆమె బర్మీస్ మాట్లాడితే వినబుద్ధయ్యేది. అది వాళ్లకి పనికిరాదు. నత్తినత్తిగా, తప్పులతో మాట్లాడమనేవారు. "సక్కగా మాటాడితే నవ్వురాదట" అని ఇంటికొచ్చి చేతిసంచీ గోడకేసి కొట్టేది. మర్నాడు మళ్లీ బయల్దేరేది. "ఎందుకెళ్తావు?" అంటే, "కెమేరా ముందు నిలబడ్డం నాకిష్టం. ఆళ్లకి తెలవకపోతే నాదేటి తప్పు?" అనేది.

లత అనే పేటలో నేను పనిచేసే మందుల కొట్టు పక్కన ఒక టీ కొట్టుంది. నన్ను చూడడానికి అత్త అటు వస్తే, అక్కడ కూర్చున్న కుర్రాళ్లు "డా, బఠాణీలున్నాయా?" అని అరిచేవారు. డా అంటే పెద్దావిడని గౌరవం. బఠాణీలేమో వెక్కిరింత. అత్త మాత్రం పట్టాభిషేకానికి వెళ్తున్నట్టు తలాడించి నడిచిపోయేది. ఆమె పోయిన మర్నాడు ఎవరో ఆమె సినిమా ముక్క ఒకటి ఫోన్లలో తిప్పారు. అందులో ఆమె బఠాణీల తట్టతో సహా జారిపడుతుంది. కింద సంతాపాలూ, పళ్లికిలించే బొమ్మలూ పక్కపక్కనే ఉన్నాయి.

అది కాదు మా అత్త, ఇదిగో ఇదీ అని చూపిద్దామంటే నాటకం వీడియో ఒక్క నిమిషం కూడా ఎక్కడా లేదు. హాల్లో ఎవరైనా ఫోను పైకెత్తితే అటు వీపు తిప్పేసేది. ఎంతమంది బతిమాలినా వినలేదు. "సూడ్డానికొచ్చి ఫోన్లో దాసుకోడమేటి? బుర్రలో పెట్టుకో" అనేది. జన్మంతా చేసిన పని గాలిలో కలిసిపోయింది. మొండితనానికైనా ఒక హద్దుండాలి.

కిందటేడు మోకాళ్లు మొరాయించాక, చీర తప్ప వేషం నాకిచ్చింది. తెర పక్కన నా చోట్లో తను స్టూలేసుకుని కూర్చుంది. కరెంటు ఉండే వేళ చూసుకుని మధ్యాహ్నమే మొదలుపెట్టాం. నేను బాగానే చేశాను, నాకు తెలుసు. చివరి ఘట్టం వచ్చింది. "ఎందుకొచ్చినావు?" అన్నాడు మొగుడు. నేను మూట మార్చుకున్నాను. ఆగాను. ఇక అందామని ఊపిరి పీల్చుకునేసరికి తెర పక్క నుంచి వినిపించింది, హాలు చివరిదాకా: "నిన్ను తీసుకెల్దామని రానేదు. ఓపాలి సూసిపోదామని వచ్చినాను." జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అందరూ తెర పక్కకే చూస్తున్నారు. నేను మూట పట్టుకుని మధ్యలో దిష్టిబొమ్మలా ఉన్నాను.

ఆటయ్యాక అందరి ముందే అడిగేశాను. "ఇన్నేళ్లకి నాకు దొరికింది ఆ ఒక్క మాట. అదీ నీకే కావాలా అత్తా?"

అత్త తలొంచుకుంది. ఆమె తలొంచడం నేను అంతకుముందు చూడలేదు. "నువ్వు ఆగినావు కదే. అంత బాగా ఆగినావు. ఇంక నాకు ఊపిరాడ్నేదు, అనీసినాను" అంది. అది మెచ్చుకోలో, తప్పించుకోవడమో నాకు తెలియలేదు. నేను మెత్తబడకపోయేసరికి నా చెయ్యి పట్టుకుంది. "వచ్చే ఏడు ముందు వరసలో కూసుంటాను. నోటినిండా ఆకూ వక్కా ఏసుకుంటాను. ఇంకెలగ మాటాడతాను, సెప్పు?" అంది. ఆ మాట పట్టుకుని నేను ఏడాదంతా ఎదురుచూశాను. ఆమె చూస్తుండగా, నా నోటితో, ఆ ఒక్క మాట అనాలి. అంతకన్నా ఆమెని నేనేమీ కోరలేదు.

సమాధి దగ్గర పాస్టరు గారు అత్త భక్తి గురించి, వంట గురించి చెప్పారు. నాటకం మాటే ఎత్తలేదు. పెట్టెలోకి చూస్తే అత్త ఒంటి మీద ఎర్రంచు చీర. "అదే కట్టమని ఎప్పుడో సెప్పి ఉంచింది వదినా" అంది కూతురు. నాకెందుకు ఇవ్వలేదో అప్పుడు తెలిసింది. తెలిసినా కోపం తగ్గలేదు. చీర పట్టుకుపోయింది, ఇచ్చిన మాటా పట్టుకుపోయింది.

క్రిస్మస్‌కి ఇంట్లో ఉన్న పాత నూలుచీర కట్టుకున్నాను. ముందు వరసలో అత్త పేరున ఒక కుర్చీ ఖాళీగా ఉంచుదామన్నారు. నేనే తీయించేశాను. రానిదానికి కుర్చీ ఎందుకు? కరెంటు మధ్యలోనే పోయింది. బయట జనరేటరు మోత. ఆ మోతలోనే చివరి ఘట్టం దాకా వచ్చాం.

"ఎందుకొచ్చినావు?" అన్నాడు మొగుడు.

మూట మార్చుకున్నాను. తెర పక్కకి చూశాను. స్టూలు ఖాళీగా ఉంది. ఈసారి ఆ మాట ఎత్తుకుపోయేవాళ్లు ఎవరూ లేరు. ఆగాను. వెనక ఎవరో దగ్గారు. ఆ దగ్గూ ఆగింది. ఇంకా ఆగాను. అత్త ఉండుంటే ఊపిరాడక చచ్చేది అనుకుని, నోరు తెరిచాను.

"నిన్ను తీసుకెల్దామని రానేదు."

అన్నది నేను కాదు. వెనక బల్లల మీంచి వచ్చింది. రెండో ముక్కకి హాలంతా కలిసింది. ఇంట్లో బర్మీస్ తప్ప మాట్లాడని పిల్లలు, పదాలు సగమే అర్థమయ్యే కోడళ్లు, ముసలాళ్లు, అందరూ. ఒక్కరూ గొంతు పెంచలేదు. మధ్యలో అత్త ఎక్కడ ఆగేదో అక్కడే ఆగారు. పక్కింటికెళ్లి నిప్పు అడిగినట్టు అన్నారు: "ఓపాలి సూసిపోదామని వచ్చినాను."

ఈ ఏడూ ఆ మాట నాకు దక్కలేదు. మూట చంకలో పెట్టుకుని, తెరిచిన నోరు తెరిచినట్టే, జనం వైపు చూస్తూ నిలబడిపోయాను. హాల్లో ఒక్కరి చేతిలోనూ ఫోను లేదు.