బంగాళాదుంపల కెసరోలు, గేదె పాలు

పోయిన ఆదివారం మా కోడలు బంగాళాదుంపల కెసరోలు చేసింది. దుంపల్ని పల్చగా చక్రాల్లా తరిగి, గాజు పళ్ళెంలో వరసలుగా పేర్చి, తెల్లసాసు పోసి, ప్యాకెట్‌లోంచి తురిమిన చీజు గుప్పెళ్ళతో తీసి పైన చల్లి, ఓవెన్‌లో పెట్టి, మీట తిప్పి తన పని తాను చూసుకుంది. కాసేపటికి అదే గంట కొట్టింది, అయిపోయింది. మా వారు రెండుసార్లు వడ్డించుకుని, అంచున మాడిన పెచ్చు కూడా చెంచాతో గీకి తింటూ, నా వైపు చూసి, "ఇన్నేళ్ళు కాపురం సేసినావు, ఇలాటిది ఒక్కసారైనా సేసి పెట్టినావేటి నాకు?" అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కోడలు ఎదురుగా ఉంది కదా అని అప్పటికి నోరు నొక్కుకున్నాను. డెబ్బైకి దగ్గరపడ్డాక కోపం దిగమింగడం ఒంటికి మంచిది కాదని డాక్టరు చెప్పలేదు గానీ, నాకు నేనే చెప్పుకుని ఇది రాస్తున్నాను. నా ఈడు ఆడవాళ్ళు చదివితే, నేను ఎక్కువ చెప్పానో తక్కువ చెప్పానో వాళ్ళకే తెలుస్తుంది.

మా పుట్టిల్లు ఇచ్ఛాపురం. మా వీధిలో సగం ఒడియా వాళ్ళ ఇళ్ళే. పాలల్లో నిమ్మరసం పిండి విరగ్గొట్టి, గుడ్డలో వడగట్టి ఛెనా తీయడం అక్కడ రోజువారీ పని. మా పక్కింటి పెద్దమ్మ ఆ ఛెనాని గిన్నెలో సర్ది, కింద కుంపటి, మూత మీద నిప్పులు పెట్టి కాలిస్తే, పైన ఎర్రగా పెచ్చు కట్టేది. ఆ పెచ్చు కోసం మేం పిల్లలం ఆవిడ గుమ్మంలోనే కూర్చునేవాళ్ళం. అలాంటి చోట పెరిగిన నన్ను తెచ్చి విజయనగరంలో ఇచ్చారు. అత్తవారిది తరతరాలుగా గుడికి అభిషేకం పాలు పోసే ఇల్లు. పెరట్లో రెండు ఆవులుండేవి. పొద్దుటి పాలు స్వామికి చేరేదాకా ఆ ఇంట్లో ఎవరూ చుక్క ముట్టుకునేవారు కాదు, కాఫీ అయినా సరే గుడిలో గంట వినబడ్డాకే. గేదె పాలు గడప దాటి లోపలికి వచ్చేవి కావు. పాలు వాటంతటవి విరిగితేనే ఇంటికి కీడని బెంగపడేవారు, ఇక కావాలని విరగ్గొట్టడమంటే ఆవు పొదుగు మీద కత్తి పెట్టినంత పాపం. ఆ పట్టింపుల్ని నేను ఏనాడూ వెక్కిరించలేదు, ఇప్పుడూ వెక్కిరించడం లేదు.

పెళ్ళికి ముందే మా నాన్న ఒక్క మాట అడిగి ఒప్పించుకున్నాడు, నా హోమ్‌సైన్సు ట్రైనింగు పూర్తి చేయనివ్వాలని. పూర్తి చేస్తే బాలికల హైస్కూళ్ళలో టీచరు ఉద్యోగం దాదాపు ఖాయం. నాకు ఆ రోజుల్లో మరో ధ్యాస లేదు. నల్లబల్ల ముందు నిలబడి నలభైమంది ఆడపిల్లలకి పోషకాహారం గురించి చెబుతున్నట్టు, బావి దగ్గర గిన్నెలు తోముతూ కూడా లోలోపల పాఠం చెప్పుకునేదాన్ని. ఆఖరి ప్రాక్టికల్స్‌కి బయటి ఊరి నుంచి పరీక్షకులు వస్తారన్నారు. ఓవెన్‌లో చేసే వంటకాన్ని ఓవెన్ లేని ఇంట్లో, ఉన్న సామానుతో వండి తేవాలి. మా టీచరు నోట్సు చెప్పిన కెసరోలు ఎంచుకున్నాను. డబ్బా చీజులో ఏం కలుపుతారోనని ఆ కాలంలో అందరికీ అనుమానమే కాబట్టి, దాని బదులు ఛెనాలో మీగడ కలిపి పైన పరుద్దామనుకున్నాను. ఆ ఇంటి ఆవుపాలు ముట్టుకునే ధైర్యం నాకు లేదు. మా వారిని బతిమాలితే ఆయనే తెల్లవారగానే బజారుకి వెళ్ళి, మూత సొట్టపోయిన స్టీలు క్యానులో గేదె పాలు తెచ్చి, "అమ్మతో నేను సెప్తానులే" అని నా చేతికిచ్చారు. ఈ ముక్క మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి.

పెరట్లో కుంపటి రాజేసి, దుంపలు సగం ఉడకబెట్టి తరిగి, వరస వరసకీ ఉప్పూ మిరియాలూ చల్లి, మైదా వెన్నలో వేయించి పాలు పోసి కలిపిన సాసు వేసి, పైన ఛెనా పరిచి, మూత మీద నిప్పులు పోశాను. మూత తీసేసరికి అచ్చం మా పెద్దమ్మ గిన్నెలో లాగే ఎర్రటి పెచ్చు. నా సంబరం నాది. అప్పుడే అత్తగారు పెరట్లోకి వచ్చింది. తీగ మీద ఛెనా వడగట్టిన గుడ్డ ఆరుతోంది, పక్కన గిన్నెలో విరిగిన పాల తేట. ఖర్మకాలి, ఆ పొద్దున్నే తెల్లావు పాలు తక్కువిచ్చింది.

"ఓలమ్మో! సామి పాలు ఇరగ్గొట్టేసినావేటే!" అని ఆవిడ గుండె బాదుకుంది. అవి బజారు పాలండీ, గేదె పాలండీ, మీ అబ్బాయే తెచ్చారు, కావాలంటే అడగండి అని నేను ఏడుస్తూ చెప్పాను. ఆవిడ ఆగింది. నిజంగానే ఆగింది. నూతి దగ్గర మొహం కడుక్కుంటున్న కొడుకు వైపు తిరిగి, "ఏరా, నిజవేనా?" అని అడిగింది.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "నాకేటి తెలుసమ్మా" అన్నారు.

గిన్నె ఎత్తుకెళ్ళి పెంటకుప్ప మీద బోర్లించింది అత్తగారు. వీధికుక్క తోక ఊపుకుంటూ వచ్చి మొత్తం తినేసింది. నా వంటకి మార్కులు వేసింది ఆ కుక్కే. నేను ఉత్త చేతులతో పరీక్షకి వెళ్ళి, ఉత్త చేతులతో నిలబడి తిరిగొచ్చాను. మరుసటి ఏడు రాయొచ్చన్నారు గానీ, అప్పటికి మా అబ్బాయి కడుపులో ఉన్నాడు, ఆ తరవాత ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు. నా పక్క బల్ల మీద కూర్చున్న నెల్లిమర్ల అమ్మాయి ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పి హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైంది. ఆమె అంటే నాకేం అసూయ లేదు అని రాస్తే అబద్ధం అవుతుంది.

కాలం గడిచి మామగారు పోయారు, ఆవులు పోయాయి, గుడికే ప్యాకెట్ పాలు వస్తున్నాయి. అత్తగారికి పళ్ళన్నీ ఊడిపోయాక, అప్పటికి కాపురానికొచ్చిన మా కోడలు మెత్తగా ఉంటుందని ఉడికించిన దుంపలో చీజు కలిపి పెడితే, ఆవిడ నోరు చప్పరిస్తూ తిని మళ్ళీ అడిగేది. పెట్టేదాన్ని నేనే. చెంచాతో ఒక్కో ముద్దా నోట్లో పెడుతూ, ఈ మాత్రానికేనా నా ఉద్యోగం పెంటకుప్ప మీద పారబోశావు అని లోపల పళ్ళు నూరుకునేదాన్ని. ఆవిడ పోయిన రోజున కూడా నాకు మనస్ఫూర్తిగా ఏడుపు రాలేదు.

ఇక పోయిన ఆదివారం సంగతి. కోడలు పడుకున్నాక, పేపరు చదువుకుంటున్న మా వారి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, ఆనాటి పాలు ఎవరు తెచ్చారని అడిగాను. ఏ పాలు, ఎప్పటి మాట, తనకేం గుర్తులేదు అన్నారు. నేను లేవలేదు. క్యాను మూత సొట్ట దగ్గర నుంచి అంతా చెప్పాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "గుర్తుందే. అమ్మకి జడిసి కాదు. ఆ పరీచ్చ పాసయితే నిన్ను ఏ పాలకొండ బడికో ఏసేస్తారు, మరి మన కాపురం ఏటవుతాదీ అనుకున్నాను. ఇప్పుడెందుకే అయ్యన్నీ?" అన్నారు.

ఇన్నేళ్ళూ నేను ఆయన్ని తల్లిచాటు బిడ్డ అనుకుని, పాపం నోరు పెగల్లేదు అనుకుని సర్దుకుపోయాను. తెలిసి, ఆలోచించుకుని, తువ్వాలుతో తుడుచుకుంటూ ఆడిన అబద్ధమని నాకేం తెలుసు? ఆ రోజు నుంచి ఆయనకి అన్నం వడ్డిస్తున్నాను, మందులు ఇస్తున్నాను, మాట మాత్రం ఆడటం లేదు. ఎన్నాళ్ళో నాకే తెలియదు.

ఇప్పుడు మా వంటింట్లో ఏ పాలు ఎవరు విరగ్గొట్టారని అడిగేవాళ్ళు లేరు. మా కోడలు స్కూటీ తాళం తీసుకుని బడికి వెళ్ళిపోతుంది, సాయంత్రం వచ్చి పిల్లల కాగితాలు దిద్దుకుంటుంది, దానికి ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదు. మంచి రోజులే వచ్చాయి, కాదనను. కానీ ఆ పాతరోజుల్లో, ఆ ఇంట్లో, నేను చెప్పింది నిజమో కాదో కనుక్కుందామని ఒక్క క్షణమైనా ఆగిన మనిషి మా అత్తగారే. ఆ ఆగినందుకు ఆవిడకి ఒక మంచిమాట చెబుదామంటే, ఆవిడ పోయి పన్నెండేళ్ళయింది.